మెత్తదనమా, బిగువా? రెండూ కావాలన్న చాప్‌మన్

బస్సులో చివరి సీటు దొరికినవాళ్లకు ఈ కథ సగం ముందే తెలుసు. బళ్లారి నుంచి రాయదుర్గం వెళ్లండి, హోసూరు నుంచి కుప్పం వెళ్లండి. బస్సు గుంతలో పడిందంటే మధ్యలో కూర్చున్నవాళ్లు ఒకసారి ఊగి ఊరుకుంటారు. వెనక సీటువాళ్లు మాత్రం లేచి పడతారు. ఖాళీ లారీలో అయితే ఇక చెప్పనక్కర్లేదు. లోడు మీద ఏనుగులా ఊగుతూ పోయే బండి, సరుకు దించేయగానే ప్రతి గతుక్కీ ఎగిరిపడుతుంది. కమాను కట్టలు అవే, రోడ్డు అదే, డ్రైవరూ అతనే. మారింది పైనున్న బరువొక్కటే. టన్నుల కొద్దీ బరువు కోసం కట్టిన కమాన్లు ఖాళీ బండికి రాయితో సమానం.

ఇదే చిక్కు కోట్ల రూపాయల స్పోర్ట్స్ కార్లకూ ఉంది. ఇప్పుడొచ్చే ఖరీదైన కార్లలో స్టీరింగు పక్కన ఒక మీట ఉంటుంది. కంఫర్ట్ అని ఒక సెట్టింగు, స్పోర్ట్ అని ఇంకొకటి. మొదటిది నొక్కితే కారు మెత్తగా పోతుంది. రెండోది నొక్కితే బిగుసుకుంటుంది. అంత డబ్బు పోసి స్పోర్ట్స్ కారు కొన్నాక కంఫర్ట్ నొక్కడం నామోషీ అనుకునేవాళ్లు చాలామంది. నడుము పట్టేసినా సరే, స్పోర్ట్‌లోనే తిప్పుతారు. బిగువుగా ఉంటేనే వేగం అన్నది వాళ్ల లెక్క.

ఆ లెక్క తప్పని దాదాపు డెబ్భై ఏళ్ల కిందటే కారు కట్టి మరీ చూపించిన మనిషి ఒకాయన ఉన్నారు. పేరు కోలిన్ చాప్‌మన్. ఇంగ్లండ్‌వాడు. లోటస్ కార్ల కంపెనీ స్థాపకుడు. ఫార్ములా వన్ పందేల్లో ఏడుసార్లు ప్రపంచ టీమ్ టైటిల్ గెలిచిన జట్టుకు యజమాని. మెత్తదనం, బిగువు ఒకదానికొకటి శత్రువులు కావని నమ్మి, నిరూపించి, చివరికి తన సొంత కారు చేతిలోనే ఆ నమ్మకం ఓడిపోవడం చూసి, మళ్లీ గెలిపించే ప్రయత్నంలో ఉండగానే కన్నుమూశారు. ఆ కథే ఇది.

హోటల్ వెనక గుర్రపుశాలలో

చాప్‌మన్ 1928 మే 19న లండన్ శివార్లలోని రిచ్‌మండ్‌లో పుట్టారు. తండ్రి ఉత్తర లండన్‌లోని హార్న్సీలో రైల్వే హోటల్ నడిపేవారు. కుర్రాడు యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ చదివాడు. అంటే కార్ల చదువు కాదు, వంతెనలు, కట్టడాల చదువు. ఏ దూలం మీద ఎంత బరువు పడుతుంది, ఎక్కడ ఇనుము దండగ, ఎక్కడ తక్కువైతే కూలుతుంది అన్న లెక్కలు. దాంతోపాటు యూనివర్సిటీ ఎయిర్ స్క్వాడ్రన్‌లో చేరి విమానం నడపడం నేర్చుకున్నాడు. తర్వాత కొన్నాళ్లు బ్రిటిష్ అల్యూమినియం కంపెనీలో ఉద్యోగం. వంతెన, విమానం, అల్యూమినియం. ఈ మూడూ ఆ తర్వాత ఆయన చేసిన ప్రతి కారులోనూ కనిపిస్తాయి.

మొదటి కారును 1948లో పాత ఆస్టిన్ సెవెన్ విడిభాగాలతో తయారు చేశారు. షెడ్డు ఎవరిదనుకున్నారు? హేజెల్ విలియమ్స్ అనే అమ్మాయి తల్లిదండ్రుల ఇంటి వెనక ఉన్న చిన్న గ్యారేజీ. ఆ అమ్మాయే తర్వాత ఆయన భార్య అయింది. 1952లో కంపెనీ పెట్టినప్పుడు పెట్టుబడికి 25 పౌండ్లు అప్పిచ్చిందీ ఆమే. మొదటి వర్క్‌షాపు తండ్రి హోటల్ వెనక ఉన్న పాత గుర్రపుశాల. పేరు లోటస్. మన తామరపువ్వే.

అక్కడ పుట్టిన మార్క్ సిక్స్ కారు సన్నని ఇనుప గొట్టాలు అతికించి కట్టిన పంజరం. దానిమీద పల్చని అల్యూమినియం రేకు. కొన్నవాళ్లు విడిభాగాలు ఇంటికి తీసుకెళ్లి తామే బిగించుకునేవారు. పగలు ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు బోల్టులు బిగించే కుర్రకారు ఆయన మొదటి ఖాతాదారులు. 1957లో వచ్చిన సెవెన్ కూడా అదే తరహా. లోటస్ ఆ కారు హక్కులను 1973లో కేటర్‌హామ్ కంపెనీకి ఇచ్చేసింది. దాని వారసుల్ని ఆ కంపెనీ ఇప్పటికీ తయారు చేస్తూనే ఉంది.

స్ప్రింగు పని వేరు, షాకుల పని వేరు

ఇక్కడ కాస్త ఆగి అసలు సంగతి చెప్పుకోవాలి. సస్పెన్షన్ అంటే చాలామందికి కుదుపులు తగ్గించేది. అది సగమే నిజం. దాని మొదటి పని టైరును రోడ్డుకు ఆనించి ఉంచడం. టైరు రోడ్డు మీద ఉన్నంతసేపే బ్రేకు పని చేస్తుంది, స్టీరింగు మాట వింటుంది. టైరు గాల్లోకి లేచిన ఆ అరక్షణం కారు ఎవరి మాటా వినదు.

స్ప్రింగు బిగువుగా ఉంటే గతుకు తగలగానే చక్రంతో పాటు కారంతా ఎగురుతుంది. మెత్తగా ఉంటే చక్రం ఒక్కటే లేచి గతుకు మీదుగా దొర్లి మళ్లీ నేలకు ఆనుతుంది. అలాగని స్ప్రింగు మెత్తగా పెట్టి వదిలేస్తే సరిపోదు. అది ఒకసారి నొక్కుకుంటే ఆగకుండా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగుడును ఆపేది షాక్ అబ్జార్బర్. మెకానిక్ షెడ్డులో షాకులు అంటామే, అవే. లోపల నూనె, చిన్న చిన్న రంధ్రాలున్న పిస్టన్ ఉంటాయి. నూనె ఆ రంధ్రాల్లోంచి కష్టపడి దూరాలి కాబట్టి ఊపు అణిగిపోతుంది.

మెత్తటి స్ప్రింగుకు ఇంకో ఇబ్బంది ఉంది. మలుపులో కారు పక్కకు వాలుతుంది. బ్రేకు వేస్తే ముక్కు కిందికి దించుతుంది. కారుతో పాటు చక్రాలూ వాలితే టైరు అంచు మాత్రమే రోడ్డును పట్టుకుంటుంది. అందుకే ఆనాటి స్పోర్ట్స్ కార్లు చాలావాటికి గట్టి స్ప్రింగులు వేసేవారు. విచిత్రమేమిటంటే వాటి చాసిస్‌లు మాత్రం మెతకవి. గతుకు తగిలితే స్ప్రింగు వంగదు, చాసిస్ వంగుతుంది. చాసిస్‌కు షాకులు ఉండవు కదా. నడిపేవాడికి నడుం నొప్పి, కారుకు పట్టు లేదు. రెండు విధాలా నష్టం.

వంతెనల చదువు చదివిన చాప్‌మన్ ఈ వ్యవహారాన్ని తలకిందులు చేశారు. చాసిస్‌ను ఏమాత్రం మెలితిరగనంత గట్టిగా కట్టాలి. కారు బరువు తగ్గించాలి. చక్రాల బరువు ఇంకా తగ్గించాలి. కారు వాలినా చక్రం నిలువుగా ఉండేలా దాన్ని పట్టుకునే చేతుల పొడవు, కోణం లెక్కగట్టి పెట్టాలి. ఇవన్నీ కుదిరాక స్ప్రింగును నిశ్చింతగా మెత్తగా వేసుకోవచ్చు, షాకులతో అదుపు చేసుకోవచ్చు. తేలికైన, కిందికి కూర్చున్న కారు ఎటూ ఎక్కువ వాలదు. అప్పుడు మెత్తదనమే పట్టునిస్తుంది.

వెన్నెముక దొరికింది

ఈ ఆలోచన రోడ్డెక్కిన మొదటి అందమైన కారు ఎలీట్. 1957 లండన్ మోటార్ షోలో చూపించారు. విడిగా చాసిస్ అనేదే లేదు. కారు మొత్తం ఫైబర్‌గ్లాస్‌తో పోతపోసిన డొల్ల. లె మాన్స్ 24 గంటల పందెంలో తన తరగతిలో పదేపదే గెలిచింది. అయితే అమ్మకంలో లోటస్‌కు మిగిలింది నష్టమే. ఆ డొల్ల శరీరం లోపల తబలా మోగినట్టు మోత వచ్చేది.

పాఠం నేర్చుకుని 1962లో ఎలాన్ తెచ్చారు. రాన్ హిక్‌మన్ అనే ఇంజినీరు ఇందులో ముఖ్య పాత్రధారి. ఈసారి ఉక్కు రేకును మడిచి కారు మధ్యలో పొడవుగా ఒక పెట్టె కట్టారు. రెండు చివర్లా పంగలకర్రలా చీలి ఉంటుంది. అదే కారుకు వెన్నెముక. ముందు చీలికలో ఇంజను, వెనక చీలికకు చక్రాల సరంజామా. పైన తేలికపాటి ఫైబర్‌గ్లాస్ బాడీ. మొత్తం కలిపి సుమారు 680 కిలోలు. అంటే మన మారుతి 800 కంటే కాస్తే ఎక్కువ.

ఎలాన్ స్ప్రింగులు ఆనాటి స్పోర్ట్స్ కార్లతో పోలిస్తే ఆశ్చర్యపోయేంత మెత్తన. చక్రం పైకీ కిందికీ కదలడానికి బోలెడంత చోటు. ఇంగ్లండ్ పల్లెటూరి వంకర రోడ్ల మీద పెద్ద ఇంజన్ల కార్లు ఎగిరెగిరి పడుతుంటే ఎలాన్ సాఫీగా దూసుకుపోయేది. ఆ కారులో కంఫర్ట్ మీట లేదు, స్పోర్ట్ మీట లేదు. అవసరం రాలేదు. ఒకే సెట్టింగులో రెండూ దొరికాయి. చాలా ఏళ్ల తర్వాత 1989లో జపాన్‌కు చెందిన మాజ్డా తన ఎంఎక్స్-5 తెచ్చినప్పుడు దానికి స్ఫూర్తి ఎలాన్ అన్న సంగతి దాచుకోలేదు.

పందేల్లోనూ ఇదే మంత్రం. 1962లోనే వచ్చిన లోటస్ 25 ఫార్ములా వన్‌కు కొత్త దారి చూపింది. గొట్టాల పంజరం తీసేసి విమానంలా రేకుల తొట్టి కట్టారు. పాతదానికంటే తేలిక, ఎన్నో రెట్లు గట్టి. అందులో దాదాపు పడుకుని నడిపిన స్కాట్లండ్ రైతుబిడ్డ జిమ్ క్లార్క్ 1963లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1965లో మళ్లీ గెలిచాడు. అదే ఏడు అమెరికాలో ఇండియానాపొలిస్ 500 కూడా కొట్టాడు. క్లార్క్ గెలిచిన 25 గ్రాండ్ ప్రీ పందేలూ లోటస్ మీదే. గెలుపు గీత దాటగానే చాప్‌మన్ తన నల్ల టోపీ గాల్లోకి విసిరేవారు. అది ఆ రోజుల్లో జనం ఎదురుచూసే దృశ్యం.

తేలికదనానికి చెల్లించిన ధర

టోపీ ఎగిరిన రోజులే చెప్పి ఊరుకుంటే కథ నిజం కాదు. బరువు తగ్గించడంలో చాప్‌మన్ అంచుదాకా వెళ్లేవారు. ఆయన కార్లలో ముక్కలు విరిగేవి. 1960లో బెల్జియంలోని స్పా ట్రాక్ మీద స్టిర్లింగ్ మాస్ నడుపుతున్న లోటస్ చక్రం ఊడిపోయి ఆయన తీవ్రంగా గాయపడ్డారు. 1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో జిమ్ క్లార్క్ ప్రాణాలే పోయాయి. ఆత్మీయ మిత్రుణ్ని పోగొట్టుకుని చాప్‌మన్ కుంగిపోయారు. నెల తిరిగేసరికి ఇండియానాపొలిస్‌లో మైక్ స్పెన్స్ పోయాడు.

1970లో లోటస్ 72 వచ్చింది. బ్రేకులను చక్రాల్లోంచి తీసి కారు లోపలికి చేర్చారు. చక్రాల బరువు తగ్గాలన్న పాత సూత్రమే. బ్రేకు వేస్తే ముక్కు వంగకుండా, వేగం పెంచితే వెనక కుంగకుండా సస్పెన్షన్ కోణాలు కూడా అమర్చారు. కాగితం మీద అద్భుతం. ట్రాక్ మీద మాత్రం కారు ఏం చేస్తోందో డ్రైవర్లకు తెలియకుండా పోయింది. కాస్త వంగితేనే, కాస్త వాలితేనే డ్రైవరుకు కబురు అందుతుంది. ఆ కోణాలు తీసేయాల్సి వచ్చింది. తీసేశాక ఆస్ట్రియా డ్రైవరు యోకెన్ రింట్ దాని మీద వరుసగా నాలుగు పందేలు గెలిచాడు. సెప్టెంబరు 5న ఇటలీలోని మోంజాలో ప్రాక్టీసు చేస్తుండగా కారు అదుపు తప్పి చనిపోయాడు. బ్రేకు షాఫ్టు విరగడమే మొదటి కారణంగా తేలింది. అప్పటికే పోగైన పాయింట్లతో ఆ ఏడాది చాంపియన్ అతనే. చనిపోయాక ప్రపంచ చాంపియన్ అయిన ఏకైక ఫార్ములా వన్ డ్రైవరు రింట్.

ఆయన తెలివితేటల్ని మెచ్చుకునేవాళ్లు కూడా ఈ లెక్కను పక్కన పెట్టలేరు. సౌకర్యం, వేగం మధ్య ఆయన రాజీ కుదిర్చారు. వేగం, భద్రత మధ్య అంత శ్రద్ధగా కుదర్చలేదు.

నేలకు అతుక్కున్న కారు

1966లో లోటస్ ఇంగ్లండ్ తూర్పున నార్‌ఫోక్ జిల్లాలోని హెథెల్‌కు మారింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్లు ఎగిరిన ఏరోడ్రోమ్ అది. రన్‌వేలే టెస్ట్ ట్రాక్ అయ్యాయి. ఇది మనకు కొత్తేం కాదు. చెన్నైకి ఉత్తరాన, ఆంధ్రా వైపు వచ్చే రోడ్డులో షోలవరం ఉంది కదా. అక్కడి యుద్ధకాలపు రన్‌వే మీదే దశాబ్దాల పాటు కార్ల పందేలు, మోటారు సైకిళ్ల పందేలు జరిగాయి.

హెథెల్‌లో 1970ల మధ్యలో పీటర్ రైట్, టోనీ రడ్ లాంటి ఇంజినీర్లతో చాప్‌మన్ కొత్త పని మొదలుపెట్టారు. విమానం రెక్క పైకి లేపుతుంది. దాన్ని బోర్లించి కారు పక్కల కింద పెడితే? గాలి కారును నేలకు పీల్చేస్తుంది. గాలి పక్కల నుంచి తప్పించుకోకుండా రోడ్డుకు తగిలేలా పరదాల్లాంటి పట్టీలు కట్టారు. 1977లో లోటస్ 78, 1978లో లోటస్ 79. మలుపుల్లో వాటిని పట్టుకోగలిగిన కారు లేకపోయింది. మారియో ఆండ్రెట్టి 1978 చాంపియన్ అయ్యాడు. లోటస్‌కు ఏడో టీమ్ టైటిల్ దక్కింది. అదే ఆఖరిది కూడా. ఆ సంబరం కూడా సగమే. మోంజాలో జరిగిన ప్రమాదంలో గాయపడి జట్టులోని రానీ పీటర్సన్ మరునాడు చనిపోయాడు.

ఈ విజయంలోనే ఒక ముల్లు ఉంది. గాలి సరిగా పీల్చాలంటే కారు కింది అంచుకూ రోడ్డుకూ మధ్య ఖాళీ మారకూడదు. కారు ఊగినా, వాలినా, ముక్కు వంచినా పట్టు ఠక్కున పోతుంది. కాబట్టి స్ప్రింగులు బిగించాలి. ఇంకా బిగించాలి. 1979లో వచ్చిన లోటస్ 80 ఈ దారిలో మరీ ముందుకుపోయి, పరుగులో ముందుకీ వెనక్కీ ఎగెరెగిరి ఊగడంతో అటకెక్కింది. తర్వాతి రెండు మూడేళ్లలో అన్ని జట్లదీ ఒకటే దారి. సస్పెన్షన్ అనేది పేరుకే మిగిలింది. డ్రైవర్ల వెన్నెముకలు, మెడలు, మోకాళ్లు ఆ దెబ్బలన్నీ తిన్నాయి.

మెత్తటి స్ప్రింగుతో పేరు తెచ్చుకున్న మనిషి, తన కొత్త ఆలోచనతోనే పందెపు కార్లన్నిటినీ ఎద్దుబండ్లుగా మార్చేశారు.

ఒక కారు, రెండు చాసిస్‌లు

దీనికి చాప్‌మన్ వెతికిన మందు వింటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. గాలికి బిగువు కావాలి, మనిషికి మెత్తదనం కావాలి. ఒకే చాసిస్ రెండూ ఇవ్వలేదు. అయితే రెండు చాసిస్‌లు పెడదాం.

అలా 1981లో లోటస్ 88 వచ్చింది. బయటి చాసిస్ కారు బాడీని మోస్తుంది. గాలి తోసే బలమంతా దాని గట్టి స్ప్రింగుల మీదుగా నేరుగా చక్రాలకు దిగుతుంది. లోపలి చాసిస్‌లో డ్రైవరు, ఇంజను, పెట్రోలు ట్యాంకు. దానికి వేరే స్ప్రింగులు, మెత్తటివి. బయటిది స్పోర్ట్, లోపలిది కంఫర్ట్. రెండూ ఒకేసారి. ఏ మీటా నొక్కక్కర్లేదు. లోపలి తొట్టి కార్బన్ ఫైబర్‌తో చేసింది. అప్పటికి అదీ కొత్తే.

మిగతా జట్లు ఊరుకోలేదు. గాలిని వాడుకునే భాగాలేవీ కదలకూడదని నిబంధన ఉంది. బయటి చాసిస్ మొత్తం కదిలే భాగమేనని ఫిర్యాదు చేశాయి. అమెరికాలోని లాంగ్ బీచ్‌లో, బ్రెజిల్‌లో, అర్జెంటీనాలో కారును పందెం నుంచి తప్పించారు. మార్పులు చేసి బ్రిటిష్ గ్రాండ్ ప్రీకి తెస్తే అక్కడా అదే గతి. లోటస్ 88 ఒక్క పందెంలోనూ పరుగెత్తలేదు. ఆ దెబ్బకు చాప్‌మన్‌కు పందేల మీదే విరక్తి పుట్టింది.

డిసెంబరు 16

విరక్తి పుట్టినా బుర్ర మాత్రం ఆగలేదు. రెండు చాసిస్‌లు వద్దంటారా, సరే. స్ప్రింగునే తెలివైనదిగా చేస్తే? పీటర్ రైట్ బృందం ఒక ఎస్ప్రిట్ రోడ్డు కారు తీసుకుని, స్ప్రింగుల పనిని హైడ్రాలిక్ జాకీలకు అప్పగించింది. చక్రాల దగ్గర సెన్సార్లు, వాటి లెక్కలు చూసే కంప్యూటరు. గతుకు తగిలితే జాకీ తగ్గి చక్రాన్ని పైకి రానిస్తుంది. మలుపులో కారు వాలబోతే అదే జాకీ గట్టిగా నిలబడుతుంది. క్షణానికో సెట్టింగు. దీనికే యాక్టివ్ సస్పెన్షన్ అని పేరు.

1982 డిసెంబరు 16. ఈ ఏర్పాటును మొదటిసారి ఫార్ములా వన్ కారుకు బిగించి లోటస్ జట్టు ట్రాక్ మీద నడిపి చూసింది. అదే రోజు చాప్‌మన్ నార్‌ఫోక్‌లోని తన ఇంట్లో గుండెపోటుతో చనిపోయారు. వయసు 54.

తర్వాత జరిగింది ఆయన చూడలేదు. 1983 సీజన్ మొదటి రెండు పందేల్లో నైజెల్ మాన్సెల్ ఆ సస్పెన్షన్‌తో నడిపాడు. అప్పటికి అది బరువు, నమ్మకం తక్కువ. తీసేశారు. 1987లో మెరుగుపడి తిరిగొచ్చింది. లోటస్ 99టీ మీద అయర్టన్ సెన్నా మొనాకోలో, డెట్రాయిట్‌లో గెలిచాడు. 1992లో విలియమ్స్ జట్టు తన సొంత యాక్టివ్ కారుతో అందరినీ ఊడ్చేసింది. దాన్ని నడిపి చాంపియన్ అయింది ఎవరో కాదు, చాప్‌మన్ చేరదీసి 1980లో ఫార్ములా వన్‌లోకి తెచ్చిన ఆ మాన్సెల్లే. 1994 నుంచి యాక్టివ్ సస్పెన్షన్‌నూ నిషేధించారు. పాత లోటస్ జట్టు కూడా ఆ ఏడాదితోనే మూతపడింది. ఆ పేరు మళ్లీ 2010లో ట్రాక్ మీదికొచ్చింది. 2011 జర్మన్ గ్రాండ్ ప్రీలో ఆ కారు నడిపినవాడు మన చెన్నై కుర్రాడు కరుణ్ చంధోక్.

చాప్‌మన్ పేరు మీద ఇంకో మచ్చ మిగిలింది. డెలోరియన్ కారును తీర్చిదిద్దే పని లోటస్ తీసుకుంది. దానికి చెల్లించిన డబ్బులో కోటి డాలర్లకు మించిన సొమ్ము పనామా కంపెనీ మీదుగా పక్కదారి పట్టింది. బ్రిటన్ ప్రభుత్వ సొమ్ముతో నడిచిన ఫ్యాక్టరీ అది. లోటస్ లెక్కలు చూసిన ఫ్రెడ్ బుషెల్‌కు 1992లో జైలుశిక్ష పడింది. చాప్‌మన్ బతికి ఉంటే ఆయనా బోనులో నిలబడి ఉండేవారని, శిక్ష ఇంకా పెద్దదే పడేదని తీర్పు చెప్పిన న్యాయమూర్తి అభిప్రాయపడ్డారు.

మరి ఏది నొక్కాలి?

ఇప్పటి కార్లలోని కంఫర్ట్, స్పోర్ట్ సెట్టింగులు చాప్‌మన్ బృందం కన్న కలకు చవక రూపం. చాలావాటిలో స్ప్రింగు మారదు. షాకుల్లో నూనె పోయే దారి మాత్రమే మారుతుంది. కంఫర్ట్‌లో దారి వెడల్పు, స్పోర్ట్‌లో ఇరుకు. కొన్నిట్లో నూనెలో ఇనుప రజను కలిపి అయస్కాంతంతో చిక్కబరుస్తారు. గాలి బెలూన్ల సస్పెన్షన్ ఉంటే కారు ఎత్తు కూడా మారుతుంది.

అసలు మీటే లేని కార్లూ ఉన్నాయి. హెథెల్‌లో తయారై 2021లో బయటికొచ్చిన లోటస్ ఎమీరా అలాంటిదే. టూర్ అని మెత్తది, స్పోర్ట్స్ అని గట్టిది. కొనేటప్పుడే ఎంచుకోవాలి, తర్వాత మార్చడానికి మీట ఉండదు. 2023లో లోటస్ మన దేశంలోకీ వచ్చింది. కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడివాళ్లకూ వచ్చింది.

చాప్‌మన్ జీవితం చెప్పే జవాబు సూటిగానే ఉంది. రోడ్డును చూసి ఎంచుకోవాలి, కారు ధరను చూసి కాదు. నున్నటి రేస్ ట్రాక్ మీద, చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై లాంటి చోట స్పోర్ట్ నొక్కండి. అక్కడ గతుకులు లేవు కాబట్టి చక్రం ఎగరదు, కారు వాలకుండా నిలుస్తుంది, స్టీరింగు మాట వెంటనే వింటుంది. మన హైవేల మీద కల్వర్టు అతుకులున్నాయి, రంబుల్ పట్టీలున్నాయి, ఊరూరా స్పీడ్ బ్రేకర్లున్నాయి. అక్కడ స్పోర్ట్ నొక్కితే వేగంగా పోతున్నట్టు అనిపిస్తుంది, అంతే. నిజానికి టైరు రోడ్డును వదిలి వదిలి పట్టుకుంటూ ఉంటుంది. వాన పడిన రోడ్డు మీద అది మరీ ప్రమాదం. అక్కడ కంఫర్ట్ నొక్కడం నామోషీ కాదు. నడుముకీ మంచిది, బ్రేకుకీ మంచిది.

కొనేముందు షోరూమ్ చుట్టూ ఉన్న నున్నటి రోడ్డు మీద తిప్పి చూసి మోసపోకండి. మీరు రోజూ పోయే గతుకుల రోడ్డు మీదే రెండు సెట్టింగుల్లోనూ నడిపి చూడమని అడగండి. మలుపు మధ్యలో గతుకు వచ్చినప్పుడు కారు ఎటు పోతోందో గమనించండి. పక్కకు గెంతితే అది బిగువు ఎక్కువైన గుర్తు. అలలా రెండుమూడుసార్లు ఊగితే మెత్తదనం ఎక్కువైన గుర్తు. ఒక్కసారి లేచి, ఒక్కసారి కూర్చుని, గీత తప్పకుండా సాగిపోతే అదే మీ సెట్టింగు.

చాప్‌మన్ సమాధి నార్‌ఫోక్‌లో ఆయన ఉన్న ఈస్ట్ కార్ల్‌టన్ ఊళ్లోనే ఉంది. కొద్ది మైళ్ల దూరంలోనే హెథెల్ రన్‌వేలు.